నల్లగొండలో మా స్థలంలో అపార్ట్‌మెంటు: సాంకేతికత మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఏమేం ఉండాలి?

నీలగిరి నివాసి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నల్లగొండలో పానగల్లు వైపు వెళ్లే దారిలో మా నాన్నగారికీ చిన్నాన్నకూ కలిపి 800 గజాల స్థలం ఉంది. డెవలప్‌మెంటుకు ఇచ్చాం. కింద పార్కింగు, పైన ఐదంతస్తులు, అంతస్తుకు మూడు చొప్పున 15 ఫ్లాట్లు. పార్కింగు మీది శ్లాబు పడింది. ఇప్పుడు మొదటి అంతస్తు పై శ్లాబుకు సెంట్రింగు కొడుతున్నారు.

అడగడానికి వస్తున్నవాళ్లలో చాలామంది నాలాంటివాళ్లే. హైదరాబాదులో ఉద్యోగం, వారానికి రెండు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే పని. 2023లో ఇక్కడ ఐటీ టవరు తెరిచాక ఊళ్లోనే ఉండిపోవాలనుకునే పిల్లలు కూడా వస్తున్నారు. ఒకాయన ఇంట్లో సొంత సర్వరు నడుపుతాడు. ఒకామె త్రీడీ ప్రింటరుతో పరికరాల విడిభాగాలు చేసి అమ్ముతుంది. ఇలాంటివాళ్లు ఇబ్బంది పడకుండా ఉండే ఇల్లు కట్టాలన్నది నా కోరిక.

బిల్డరు వేయించిన కరపత్రంలో జిమ్, సినిమా గది, ఫోనుతో తెరుచుకునే తాళాలు, మాట వినే లైట్లు ఉన్నాయి. పదకొండేళ్లుగా కంప్యూటర్లతోనే బతుకుతున్నాను, వాటిలో ఒక్కటి చూసినా మనసు కదల్లేదు. "అయితే నీకేం కావాలో రాసివ్వు" అన్నారాయన. కాగితం ముందు పెట్టుకుని గంట కూర్చున్నా రెండు వాక్యాలు దాటలేదు. మీలో ఎవరైనా ఇలాంటి ఇల్లు కట్టించుకుని ఉంటే, కట్టించుకోలేక బాధపడి ఉన్నా సరే, చెప్పండి.

పాలమూరు వైర్‌మన్ | సోమవారం, రాత్రి 10:25

శ్లాబు పడకముందే అడిగారు, సగం పని అయినట్లే. కింది శ్లాబు పడిపోయిందని దిగులు వద్దు. ఇంటి పైపులు పై శ్లాబులోనే కదా వెళ్లేది.

మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్ర వైపు 22 ఏళ్లుగా వైరింగు చేస్తున్నాను. నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే మాట: "అన్నా, ఇల్లు కట్టి రెండేళ్లయింది, లోపలి గదికి ఇంటర్నెట్ తీగ లాగాలి, గోడ పగలగొట్టకుండా అవుతుందా?" కాదు. లేదంటే గోడ మీద తెల్ల పట్టీ అంటించి, కొత్త రంగు మీద మచ్చలా దాన్ని రోజూ చూసుకోవాలి.

కాబట్టి నా మాట ఒక్కటే, వస్తువులు ఇప్పుడు కొనకండి, తీగలు వెళ్లే దారులు వేయించండి. వస్తువు ఐదేళ్లకు పాతబడుతుంది, పైపు భవనం ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ప్రతి ఫ్లాటులో తలుపు దగ్గర ఒక పెట్టె పెట్టి, అక్కడి నుంచి ప్రతి గదికీ, హాల్లో టీవీ గోడకూ, బాల్కనీకీ 25 మి.మీ. పైపు విడిగా వేయండి. కరెంటు తీగలున్న పైపులో నెట్ తీగ దూర్చకూడదు. మూల దగ్గర ఎల్బో పెడితే తీగ ఇరుక్కుంటుంది, వంపు తిరిగిన బెండు వాడాలి. రెండు మలుపులు దాటితే మధ్యలో జంక్షన్ బాక్సు ఉండాలి. ప్రతి పైపులోనూ ఒక నైలాన్ తాడు వదిలేయండి. రేపు ఏ కొత్త తీగ వచ్చినా ఆ తాడుకు కట్టి లాగుతారు.

ఇంకొకటి, దీన్ని చిన్న విషయం అనుకోకండి. కాంక్రీటు పోసేటప్పుడు పైపు నోళ్లకు మూతలు పెట్టించండి. పోయిన వేసవిలో ఒక ఇంట్లో ఫ్లాటుకు 11 పైపులు వేశాం. నేను పెళ్లికి వెళ్లిన రోజే శ్లాబు పోశారు. తిరిగొచ్చి చూస్తే నాలుగు పైపుల్లో సిమెంటు పాలు దిగి రాయిలా గట్టిపడ్డాయి. స్ప్రింగు తోసినా, ఇనుప కమ్మీ పెట్టి పొడిచినా కదల్లేదు. నాలుగు గదులకు దారి మూసుకుపోయింది.

తీగ విషయానికి వస్తే నెట్ తీగల్లో క్యాట్ 6 రకం చాలు. సెకనుకు ఒక గిగాబిట్ వేగం 100 మీటర్ల వరకు, పది గిగాబిట్లు 55 మీటర్ల వరకు మోస్తుంది. ఒక ఫ్లాటులో ఏ తీగా 30 మీటర్లు దాటదు. కానీ బజారులో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చౌకగా దొరుకుతుంది. కొనేముందు బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే ఆ బాక్సు అక్కడే వదిలేసి రండి.

మిర్యాలగూడ టెస్టర్ | మంగళవారం, ఉదయం 7:15

వైర్‌మన్ అన్న చెప్పింది ఇంటి లోపలి సంగతి. నేను మెట్ల కింది సంగతి చెబుతాను.

ఐదేళ్లుగా ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పరీక్షల పని చేస్తున్నాను. ఇంట్లో ఇన్వర్టరు ఉంది. కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతుంది, రూటరు వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు. మీటింగు మధ్యలో మాయమైపోతానని ఆఫీసులో నాకు పేరు పడింది. కారణం తెలుసుకోవడానికి ఆరు నెలలు పట్టింది. మెట్ల కింద, చెప్పుల స్టాండు వెనక ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. బయటి నుంచి వచ్చిన ఫైబరు అందులోని చిన్న స్విచ్ పెట్టెలో ఆగిపోయి, అక్కడి నుంచి మామూలు తీగ పైఅంతస్తులకు వెళ్తోంది. ఆ పెట్టెకు కరెంటు వాచ్‌మన్ గది నుంచి. కరెంటు పోగానే అది ఆరిపోతుంది, దానితో పాటు పన్నెండు ఇళ్ల నెట్ పోతుంది. డబ్బా తెరిచి చూస్తే లోపల బల్లి గుడ్లు, వేలెడు మందం దుమ్ము.

మీరు మొదటి రోజే పట్టుబట్టండి. ఫైబరు నేరుగా ప్రతి ఫ్లాటు లోపలికి రావాలి. మధ్యలో ఉండే స్ప్లిటరు వెలుగును పంచే గాజు ముక్క మాత్రమే, దానికి కరెంటు అక్కర్లేదు. ఒక ఫైబరు పోగును 32 ఇళ్లకు పంచే పద్ధతి మామూలుగా వాడుకలో ఉన్నదే, మీవి 15. అప్పుడు ఇంట్లో రూటరుకు చిన్న బ్యాటరీ పెట్టుకున్నా చాలు, కరెంటు పోయినట్లే తెలియదు.

రెండు కంపెనీల ఫైబర్లకు చోటు వదలండి. ఒకరి సేవ నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లే వీలుంటేనే ఇద్దరూ పని సరిగ్గా చేస్తారు. తీగలు బయటి గోడ మీద వేలాడనివ్వకండి. మా వీధిలో కోతులు వాటిని పట్టుకుని పిట్టగోడ నుంచి పిట్టగోడకు ఊగుతాయి. మూడుసార్లు తెంపాయి. మూడోసారి నా పని గడువు రోజు.

నీలగిరి నివాసి | మంగళవారం, ఉదయం 8:50

అక్కా, ఇది చదివాక సైటుకు వెళ్లి మెట్ల పక్కన చూశాను. కరెంటు కోసం రెండడుగుల డక్టు వదిలారు, కింది నుంచి పైదాకా ఉంది. మధ్యలో అడ్డు కట్టించి ఒక వైపు కరెంటు, ఇంకో వైపు ఫైబరు పెట్టిస్తే సరిపోతుందా?

సూర్యాపేట సైట్ ఇంజినీరు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

సరిపోతుంది. ప్రతి అంతస్తులో తాళం ఉన్న తలుపు పెట్టండి. తీగలన్నీ వేశాక ప్రతి అంతస్తు దగ్గరా ఆ ఖాళీని నిప్పు తట్టుకునే సామగ్రితో మూయించండి. లేకపోతే కింద మంట అంటుకున్నప్పుడు ఆ డక్టే పొగగొట్టంగా మారుతుంది. ఇది చాలామంది మరిచిపోతారు.

సూర్యాపేట బిల్డర్ | మంగళవారం, సాయంత్రం 6:05

అందరూ మంచి మాటలే చెబుతున్నారు. నా వైపు నుంచి కూడా వినండి. కొనేవాళ్లు ఫ్లాటు చూడటానికి కుటుంబంతో వస్తారు. టైల్సు చూస్తారు, వంటగది చూస్తారు, తూర్పు గుమ్మమా అని అడుగుతారు. గోడలో ఉన్న పైపు ఎవరికీ కనిపించదు. నా లెక్కన ఈ పైపులు, పెట్టెలు, తీగలు కలిపి ఫ్లాటుకు పది వేలు అదనం. 15 ఫ్లాట్లకు లక్షా యాభై వేలు. చదరపు అడుగు ధర పెంచితే పక్క వెంచరుకు పోతారు. పెంచకపోతే నా జేబులోంచి పోతుంది. జిమ్ పరికరాలు పెడితే కనీసం ఫొటోలో పడతాయి.

నీలగిరి నివాసి | మంగళవారం, రాత్రి 8:20

అన్నా, మీ మాటలో న్యాయం ఉంది. కానీ ఇవి కూడా ఫొటోలో పడేలా చేయవచ్చు. పూత పూయకముందు ప్రతి గోడకూ టేపు ఆనించి, నేల నుంచి ఎంత ఎత్తులో ఏ పైపు వెళ్తుందో కనిపించేలా ఫొటో తీసి, తాళంచెవులతో పాటు ఆ ఫొటోల పుస్తకం ఇస్తే ఏ కొనుగోలుదారైనా సంతోషిస్తాడు. గోడకు మేకు కొట్టేవాడికి కూడా అది పనికొస్తుంది. 2024 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగు ఇచ్చే నియమాలు తెచ్చింది. ఫైబరు, మొబైల్ సిగ్నల్, వైఫై ఎలా ఉన్నాయో చూసి నక్షత్రాలు ఇస్తారు. చిన్న ఊళ్లో అలాంటి రేటింగు ఉన్న భవనం అంటే కరపత్రంలో మొదటి పేజీలోనే వేసుకోవచ్చు.

పాలమూరు వైర్‌మన్ | మంగళవారం, రాత్రి 10:10

ఫైబరు మాటల్లో పడి అందరూ ఎర్తింగు మరిచిపోయారు. నల్లగొండలో తవ్వితే మూడడుగులకే రాయి తగులుతుంది. మామూలుగా ఒక గుంట తీసి, బొగ్గు, ఉప్పు పోసి పైపు పాతి పని అయిందంటారు. రాతి నేలలో అది సరిగ్గా పనిచేయదు. వర్షాకాలంలో కొలిస్తే బాగుంటుంది, ఏప్రిల్ వచ్చేసరికి నేల ఎండి పనికిరాకుండా పోతుంది. కంప్యూటరు డబ్బా మీద చెయ్యి పెడితే చీమ కుట్టినట్లు జిల్లుమంటోందని ఎవరైనా ఫోను చేస్తే, నేను వెళ్లి ముందు చూసేది ఎర్త్ గుంటే.

లోతుకు వెళ్లలేని చోట అడ్డంగా వెళ్లాలి. ప్రహరీ వెంబడి కందకం తీసి జీఐ (జింకు పూసిన ఇనుప) పట్టీ పొడవునా పరిచి, తేమ పట్టి ఉంచే బెంటోనైట్ మట్టి కలిపి పూడిస్తే రాతి నేలలో కూడా మంచి ఫలితం ఉంటుంది. కొలిచినప్పుడు ఎర్తింగు నిరోధం ఐదు ఓంల లోపు వచ్చేదాకా నేను వదలను. గుంటల మీద తెరిచి చూసే మూత ఉండాలి. వేసవిలో వారానికి రెండు బిందెలు పోయమని వాచ్‌మన్‌కు చెప్పాలి. ఇంట్లో సర్వరు పెట్టుకునే ఆయనకు దీనికన్నా పెద్ద వసతి ఏదీ లేదు.

జడ్చర్ల సంఘం కార్యదర్శి | బుధవారం, ఉదయం 6:40

నాలుగేళ్లుగా 24 ఫ్లాట్ల సంఘానికి కార్యదర్శిని. వైర్‌మన్ గారి మాటకు నా అనుభవం జోడిస్తాను. రెండేళ్ల కిందట ఒక గాలివాన రాత్రి మా భవనానికి వచ్చే లైనులో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగింది. 230 వోల్టులు రావలసిన ఇళ్లలోకి 400 దాకా వచ్చింది. ఐదు టీవీలు, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్రిజ్ కాలిపోయాయి. ఒక డిగ్రీ కుర్రాడు ఏడాది పాటు చేసుకున్న ప్రాజెక్టు ఆ కంప్యూటరులో ఉంది. వాడి ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంది. మీటరు బోర్డు దగ్గర వోల్టేజి హద్దు దాటితే లైను తెంచేసే రిలే, పిడుగుల కోసం సర్జ్ ప్రొటెక్టరు ఉంటే ఆ నష్టం జరిగేది కాదు. మేం ఆ తర్వాత పెట్టించుకున్నాం. మీరు ముందే పెట్టించండి.

ఎలక్ట్రిక్ బండ్ల సంగతి. మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో 2023లో బ్యాటరీల కర్మాగారానికి శంకుస్థాపన చేశాక మా వైపు వాటి గురించే మాటలు. కేంద్రం 2019లో మాదిరి భవన నియమాల్లో పార్కింగులో 20 శాతం చోటుకు చార్జింగు ఏర్పాటు ఉండాలని చేర్చింది. మీరు 15 చోట్లకూ పైపు వేయండి. ప్రతి ఫ్లాటు చార్జరుకూ తీగ ఆ ఫ్లాటు సొంత మీటరు నుంచే రావాలి. ఉమ్మడి మీటరుకు కలిపారో, ప్రతి నెలా సమావేశంలో అదే గొడవ. కారు చార్జరు 3.3 కిలోవాట్లు అనుకుంటే 15 కార్లు ఒకేసారి పెడితే 50 కిలోవాట్లు దాటకపోయినా దగ్గరికి వస్తుంది. మీ ట్రాన్స్‌ఫార్మరు అంత మోయదు. రాత్రి వంతులవారీగా చార్జింగు అయ్యే ఏర్పాటు గురించి ఇప్పుడే ఆలోచించండి.

పైకప్పు మీద సౌర పలకలు పెడితే లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల బిల్లు బాగా తగ్గుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో నివాస సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18,000 రూపాయల రాయితీ ఉంది. పది కిలోవాట్లకు వెయ్యి చదరపు అడుగుల చోటు కావాలి, రోజుకు సుమారు 40 యూనిట్లు వస్తాయి.

చివరగా కాగితాలు. మీ స్థలం 500 చదరపు మీటర్లు దాటింది, ఫ్లాట్లు ఎనిమిది దాటాయి, కాబట్టి రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషను తప్పనిసరి. ఈ వసతులన్నీ ఒప్పందంలో పేరుపేరునా రాయించండి. అమ్మకాలయ్యాక ఉమ్మడి చోటును మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. నిర్మాణంలో లోపం బయటపడితే స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ల దాకా బాధ్యత కట్టినవాళ్లదే.

దేవరకొండ మాస్టారు | బుధవారం, ఉదయం 11:00

లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. పైకప్పంతా పలకలతో నింపేయకండి, ఒక మూల వదలండి.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. రంగారెడ్డి జిల్లాలోని జపాల్-రంగాపూర్ వేధశాలలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని పరిశీలించారు. నాకప్పుడు 14 ఏళ్లు. మా ఇంట్లో తలుపులు, కిటికీలు మూసి, అందరం లోపల కూర్చున్నాం. పట్టపగలు చీకటి పడటం తలుపు సందులోంచి గచ్చు మీద మాత్రమే చూశాను. ఆ లోటు తీర్చుకోవడానికి ఉద్యోగంలో చేరాక టెలిస్కోపు కొన్నాను. ఇప్పుడు మా మనవరాలికి శని వలయాలు చూపిస్తున్నాను.

టెలిస్కోపుకు అదరని చోటు కావాలి. శ్లాబు మధ్యలో పెడితే ఎవరైనా నడిచినా బొమ్మ వణుకుతుంది. పిల్లరు నెత్తిన పడేలా అడుగున్నర సిమెంటు దిమ్మె కట్టించండి. లిఫ్టు మోటారు గదికి దూరంగా ఉండాలి. పక్కన ఒక కరెంటు ప్లగ్గు, మీద వానకు మూత. పైకప్పు దీపాలు నేల వైపు మాత్రమే వెలిగేలా పెట్టి, ఆర్పేందుకు విడిగా స్విచ్ ఉంచండి. ఇంతకు మించి ఖర్చు లేదు.

వనపర్తి రేడియో | బుధవారం, మధ్యాహ్నం 12:20

మాస్టారి మూల పక్కనే నాకూ ఒక జానెడు చోటు. అభిరుచి కోసం సొంత రేడియోతో దూరాలవాళ్లతో మాట్లాడే హామ్ రేడియోకు లైసెన్సు కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది, యాంటెన్నాకు అనుమతి మాత్రం సంఘం దగ్గర ఆగిపోతుంది. గొట్టం నిలబెట్టే బోల్టుల దిమ్మె, అక్కడి నుంచి డక్టులోకి 40 మి.మీ. పైపు ముందే ఉంటే, సంఘం నియమావళిలో ఒక వాక్యం ఉంటే, తర్వాత ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. తుఫాను రోజున ఫోన్లు మూగబోయినప్పుడు ఆ యాంటెన్నా ఊరి మొత్తానికి పనికొస్తుంది.

భువనగిరి ప్రింటరు | బుధవారం, రాత్రి 9:00

త్రీడీ ప్రింటరుతో పనిచేసేదాన్ని. మీరు మొదట రాసింది నా గురించి కాదు కానీ నా గురించే అనిపించింది. ఒక్కో వస్తువు తయారవడానికి 14 గంటలు పడుతుంది. పడకగదిలో పెట్టుకుంటే రాత్రంతా కీచుమని శబ్దం. ఏబీఎస్ ప్లాస్టిక్కు కరిగేటప్పుడు వచ్చే వాసన పిల్లలకు మంచిది కాదు. బాల్కనీలో పెడితే గాలి తగిలి వస్తువు అంచులు పైకి లేస్తాయి.

సినిమా గదికి అనుకున్న చోటును పనిగదిగా మార్చండి. గట్టి బల్లలు రెండు, సోల్డరింగుకు పొగ లాగే ఫ్యాను, మంచి వెలుతురు, మంటలార్పే కార్బన్ డయాక్సైడు సిలిండరు, పాడైన లిథియం బ్యాటరీలు పడేయడానికి ఇసుక పోసిన ఇనుప డబ్బా. ఎవరి సామాను వాళ్లు దాచుకోవడానికి తాళాల అరలు. సెలవుల్లో పిల్లలు చేరితే ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారు. నాకు ఈ పని నేర్పింది ఏ కళాశాలా కాదు, మా పక్కింటి రేడియో మెకానిక్కు తాతయ్య. ఆయన బల్ల దగ్గర స్టూలేసుకుని కూర్చునేదాన్ని.

మిర్యాలగూడ టెస్టర్ | గురువారం, ఉదయం 7:30

తాళాల గురించి ఒక్క మాట. మా అమ్మకు 68 ఏళ్లు. చెల్లెలు ఉండే భవనంలో గేటు ఫోనుతోనే తెరుచుకుంటుంది. పోయిన మేలో అమ్మ కూరగాయలకు వెళ్లి వచ్చింది. ఫోనులో చార్జింగు అయిపోయింది. ఎండలో నలభై నిమిషాలు గేటు బయట నిలబడింది. పైనున్న చెల్లెలికి తెలియదు. నల్లగొండ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఫోనుతో తెరుచుకునేది ఏదైనా మామూలు తాళంచెవితో కూడా తెరుచుకోవాలి. లైటుకు గోడ మీద స్విచ్ ఉండాలి. స్విచ్ బోర్డుల్లో న్యూట్రల్ తీగ, లోతైన పెట్టె ఉంచితే ఇష్టమున్నవాళ్లు తర్వాత స్మార్ట్ స్విచ్‌లు పెట్టుకుంటారు. అవి కూడా 2022లో వచ్చిన మ్యాటర్ ప్రమాణానికి తగ్గవి అయితే మేలు, ఒక కంపెనీ మూతబడినా ఇంకో కంపెనీ వాటితో కలిసి పనిచేస్తాయి.

నీలగిరి నివాసి | గురువారం, రాత్రి 9:15

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు రాసినవన్నీ ఒక పటం మీద గీసి ఈ సాయంత్రం నాన్న, చిన్నాన్న, బిల్డరు ముందు పెట్టాను. పైపులు, రెండు ఫైబర్ల డక్టు, ఎర్తింగు, వోల్టేజి రిలే, పార్కింగు పైపులు, పైకప్పు మూల అన్నీ ఒప్పుకున్నారు. ఫోను తాళాలు కరపత్రం నుంచి తీసేశారు. పనిగది దగ్గర మాత్రం చిన్నాన్న ఒప్పుకోలేదు. జిమ్ ఉండి తీరాలంటున్నారు. చివరికి జిమ్ ఉంచి, సినిమా గదిని పనిగది చేశాం.

మా అమ్మ పటం చూసి ఒక ప్రశ్న అడిగింది. "వాచ్‌మన్ గదికి ఏ పైపూ గీయలేదేం? వాళ్ల పిల్ల కూడా చదువుకుంటుంది కదా." నిజమే, గీయలేదు. ఇప్పుడు గీశాను.

వైర్‌మన్ అన్నా, శ్లాబు వచ్చే గురువారం. ఆదివారం పైపులు పరుస్తున్నారు. మీరు ఒక్కసారి వచ్చి చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. రానుపోను ఖర్చు, మీ కూలి నావి.

పాలమూరు వైర్‌మన్ | గురువారం, రాత్రి 9:50

శనివారం రాత్రికే వచ్చేస్తాను, మా మేనత్త ఇల్లు మీ ఊళ్లోనే. ఎర్త్ టెస్టరు తెస్తాను, కందకం ఎక్కడ తీయాలో అప్పుడే చూద్దాం. మూతలు కూడా నేనే తెస్తాను. ఎన్ని కావాలి?

నీలగిరి నివాసి | గురువారం, రాత్రి 9:58

మూడు ఫ్లాట్లు, ఫ్లాటుకు 11 పైపులు, పైపుకు రెండు నోళ్లు. 66. వంద తెండి అన్నా.